పంచిన చేయి ఎంచుకోరాదు

వంతెన మీద ఎండకు మాడుతున్న నా బుల్లి గుమాస్తాకు,

నాయనమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం, పాత మిషను ఒక్కటి తప్ప. దాని సంగతి తరవాత రాస్తాను. నువ్వు కూడా వేళకు తింటూ, నెత్తిన టోపీ పెట్టుకుని, క్షేమంగా ఉన్నావని తలుస్తాను. తలుస్తాను అన్నానే గాని, టోపీ పెట్టుకోవడం లేదని నాకు తెలుసు. ముక్కు మీద తోలు ఊడిందని మీ అమ్మమ్మకు రాశావట. నాకు రాసిన ఉత్తరంలో ఆ ముక్కు ఊసే లేదు.

నీ ఉత్తరం అందింది. ఒక పేజీ, ఆపైన పావు. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, కొట్టివేతలు లేవు. సంతోషం. నువ్వు అడిగిన ప్రశ్నలు నాలుగు. వరసగా జవాబు చెబుతాను.

మొదటిది పిల్లి. పిల్లల్ని పెట్టింది, ఆఫీసు గదిలో పాత రశీదులు దాచే అట్టపెట్టెలోనే పెట్టింది. రశీదులు పనికిరాకుండా పోయాయి. పిల్లలు మాత్రం ముద్దుగా ఉన్నాయి.

రెండోది మీ నాన్న నడుము. నడుము బాగుపడింది, బుద్ధి బాగుపడలేదు. మళ్లీ దుంగలు ఎత్తుతున్నాడు. వద్దంటే, "నేను చేతులు కట్టుకు నిలబడితే వాళ్లు మాత్రం ఎందుకు ఎత్తుతారమ్మా?" అంటాడు. అచ్చం మీ తాతయ్య మాటే. మీ తాతయ్య నడుమూ అలాగే పోయింది.

మూడోది, కొత్త మిషను ఎంచుకున్నారా అని. దీనికి పెద్ద జవాబే ఉంది.

నాలుగోది, "నాయనమ్మా, అమ్మమ్మతో సర్దుకుపోతున్నావా?" అని. ఈ ఒక్కటీ పేజీ అంచున, చీమ కాళ్లంత అక్షరాలతో రాశావు. భయపడి రాసిన అక్షరం ఎలా ఉంటుందో నీకు ఓనమాలు దిద్దించిన దాన్ని, నాకు తెలియదా? దాని జవాబు చివర చెబుతాను.

ముందు నువ్వు మీ అమ్మమ్మకు రాసిన ఉత్తరం సంగతి తేలాలి. నాలుగు పేజీలు, రెండు వైపులా. నేను చదవలేదు. ఒకరి ఉత్తరం చదివే అలవాటు నాకు లేదు. ఆవిడే టీ వేళ అందరి ముందూ పైకి చదివింది. "వినండి వదినా, మన పిల్ల ఎంత కొంటెగా రాసిందో!" అంటూ చదివింది. చదివితే చదివింది, మధ్యమధ్య కడుపు పట్టుకుని నవ్వడం దేనికి? మన కత్తుల మేస్త్రి, ఆ మిషను కత్తులకు సాన పట్టే పెద్దాయన, అతనూ నవ్వాడు. ఇన్నేళ్లలో నా ఎదుట అతను నవ్వడం అదే మొదలు. ముందుపళ్ల మధ్య సందు ఉందని నాకు మొన్ననే తెలిసింది.

మీ అమ్మమ్మ వాళ్లింటి పైకప్పు బాగుచేయించుకుంటూ, అదయ్యేదాకా ఇక్కడ ఉంటానని వచ్చింది. కప్పు ఎప్పుడో అయిపోయింది. మీ అమ్మ "ఇంకొన్నాళ్లు ఉండమ్మా" అంటుంది. కన్నకూతురు, అనాలి. మీ నాన్న "ఉండండి అత్తయ్యా" అంటాడు. అల్లుడు, అతనూ అనాలి. నేనూ అన్నాను. నేను మర్యాదకు అన్నాను, ఆవిడ నిజంగా విన్నది. ఏకు మేకవడమంటే ఏమిటో పుస్తకాల్లో చదివాను గాని ఇంట్లో చూడటం ఇదే మొదటిసారి.

ఆఫీసు గదిలో కిటికీ పక్క చేతుల కుర్చీ గుర్తుందిగా? అందులో కూర్చుంటే గేటు, తూకం, మిషను మూడూ కనబడతాయి. మీ తాతయ్య పోయిన దగ్గర్నుంచి ఆ కుర్చీ నాది. ఒకరోజు బ్యాంకు నుంచి వచ్చేసరికి ఆవిడ అందులో కూర్చుని, కిటికీ గట్టు మీద కుండీలు వరసగా పెట్టుకుని టమాటా నారు నాటుతోంది. "రండి వదినా, కూర్చోండి" అని నా గదిలో నాకే స్టూలు చూపించింది. కూర్చున్నాను. ఏం చేయను?

అంతటితో అయిందా? కత్తుల మేస్త్రికి పన్ను నొప్పి వచ్చిందట. ఆవిడకు చెప్పుకున్నాడు. ఆవిడ లవంగం ఇచ్చి, దవడ పట్టుకుని చూసి, డాక్టరు దగ్గరికి పంపింది. నాతో అతను ఇంతకాలం కత్తుల అరుగుదల తప్ప ఒక్క మాట మాట్లాడి ఎరగడు. "నాకెందుకు చెప్పలేదయ్యా?" అని అడిగితే, "మీకు చెబితే సెలవు కింద రాసేస్తారేమోనని అమ్మగారూ" అన్నాడు. రాసేదాన్నే. సెలవు సెలవే కదా.

ఇక మిషను. నువ్వు వంతెనలు కట్టే పనిలో పడి మన కట్టెల అడితి మరిచిపోయి ఉంటావు గనక మొదటినుంచీ చెబుతాను. మనకు వచ్చే సరుకు రెండు రకాలు. కలప మిల్లు నుంచి తిన్నటి అంచుపలకలు కొద్దిగా వస్తాయి. తోటల నుంచి, రోడ్ల పక్క నుంచి వంకర కొమ్మలు ఎక్కువగా వస్తాయి. కొట్టి అమ్మే ముక్క మూడు రకాలు. గోరంత ముక్క పుట్టగొడుగుల షెడ్డుకు. అగ్గిపెట్టెంత ముక్క ఆసుపత్రి లాండ్రీలో బాయిలరుకు. అరచేయంత ముక్క పార్కు బాటల మీద పరవడానికి. గోరు, అగ్గిపెట్టె, అరచేయి అనే పేర్లు మీ తాతయ్య పెట్టినవే. మూడింటికీ మూడు చెక్క జల్లెడలు చేయించాడు. ఇప్పటికీ గోడకు వేలాడుతున్నాయి.

మన పాత మిషనులో పెద్ద ఇనుప చక్రం తిరుగుతుంది, దానికి కత్తులు బిగించి ఉంటాయి. సైజు మార్చాలంటే కత్తులు విప్పి, వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిపి, మళ్లీ బిగించాలి. మేస్త్రికి ఒక పూట పని. తిన్నటి కట్టె పెడితే అది కోసిన ముక్క కళ్లకద్దుకోవాలనిపిస్తుంది. వంకర కొమ్మ పెడితే మాత్రం ముక్కల మధ్య పొడుగు పుల్లలు జారిపోతాయి. జారిన వాటిని మళ్లీ పట్టుకోవడానికి లోపల ఏమీ లేదు. ఈమధ్య మిల్లు నుంచి పలకలు తగ్గాయి, కొమ్మలు పెరిగాయి. పుల్లలూ పెరిగాయి.

లాండ్రీలో బాయిలరు చూసే ఆవిడ ఒక పుల్ల పట్టుకుని నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇది మా బాయిలరు మరలో అడ్డంపడింది. ఆసుపత్రిలో ఒక పూట దుప్పట్లు లేవు. నెలాఖరు నుంచి ఒకే సైజు ముక్క ఇవ్వగలరా, వేరే అడితి చూసుకోనా?"

మాట సాన పట్టినట్టు ఉంది. మరొకప్పుడైతే ఆవిడతో స్నేహం చేసేదాన్ని. లాండ్రీ పోతే అడితిలో సగం పని పోతుంది, సగం మంది ఇంటికి పోతారు. ఎవరెవరు పోతారో, ఎవరింట్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. అందుకే మీ నాన్న మిషన్ల ఏజెంటును పిలిపించాడు.

ఏజెంటు మూడు బొమ్మలు పరిచాడు. మొదటిది బండి వెనక కట్టుకుని లాక్కెళ్లేది. వీధి చెట్లకు సరిపోతుంది, అడితికి అయితే ఏనుగు దాహానికి చూరునీళ్లు. రెండోది మన పాతదానికి తమ్ముడు, కొత్త చక్రం, అవే కత్తులు, అవే పుల్లలు. మూడోది డ్రమ్ము మిషను. చక్రానికి బదులు పీపా లాంటిది అడ్డంగా తిరుగుతుంది, చుట్టూ కత్తులు, వెనకాల వంపు తిరిగిన ఇనుప జల్లెడ. ఆ జల్లెడ కన్నంలో పట్టేంత చిన్నదయ్యేదాకా ముక్క బయటికి రాదు, లోపలే తిరిగి తిరిగి నలుగుతుంది. సైజు మారాలంటే జల్లెడ మారిస్తే చాలు, కత్తుల జోలికి పోనక్కర్లేదు. కన్నం చిన్నదయ్యేకొద్దీ పని నెమ్మది, పొట్టు ఎక్కువ, మోటారుకు బరువు. ఇవన్నీ నేనే అడిగి చెప్పించాను. ఏజెంటు తనంతట తను చెప్పింది రంగు గురించి మాత్రమే.

"మన మిషనుకే కొత్త కత్తులు, కొత్త బేరింగులు వేయిద్దాం" అన్నాను నేను.

మీ నాన్న పక్కకు తిరిగి, "అత్తయ్యా, మీకేమనిపిస్తోంది?" అని అడిగాడు.

అమ్మడూ, ఒక్కసారి ఆలోచించు. మోటారుకూ మూకుడుకూ తేడా తెలియని మనిషిని, బయటి ఏజెంటు ముందు, నేను చెప్పిన మాట గాలిలో ఉండగానే!

ఆవిడ నవ్వింది. ఇంకేం చేస్తుంది? "నాకేం తెలుసు బాబూ! పిండి సన్నగా కావాలంటే జల్లెడ మారుస్తాం గాని చేతులు మార్చుకోం కదా" అంది.

అందరూ ఆహా అన్నారు. ఏజెంటు "అమ్మగారు ఒక్క ముక్కలో తేల్చేశారు" అని జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. ఆ మాట నాకు తట్టలేదని కోపం కాదు. తట్టింది. తట్టినా పాత మిషను మీద ప్రేమ కొద్దీ నోట్లోనే ఉంచుకున్నాను. ఉంచుకున్న మాట ఇంకొకరి నోట పలికితే ఎలా ఉంటుందో నీకెప్పుడైనా అనుభవమైతే చెప్పు.

చివరికి మీ నాన్న "రెండూ నడిపి చూద్దాం" అన్నాడు. ఏజెంటు డ్రమ్ము మిషనును లారీలో తెచ్చి దించాడు. నచ్చకపోతే వారం తిరిగేసరికి వచ్చి పట్టుకుపోతానన్నాడు.

పరీక్షకు మన అడితిలో ఒక పద్ధతి ఉంది. మీ తాతయ్య నాటి నుంచీ ఏది పంచాలన్నా, పంచేది ఒకరు, ఎంచుకునేది ఇంకొకరు. పంచిన చేయి ఎంచుకోరాదు. అలా అయితే పంచేవాడు సమంగా పంచుతాడు, ఎంచుకునేవాడికి అడగడానికేమీ ఉండదు. సరుకు పంచేది ఎప్పుడూ నేనే. ఈసారి ఎంచుకునే పని మీ నాన్న మీ అమ్మమ్మకు ఇచ్చాడు. "ఆవిడకైతే ఎటువైపూ పక్షపాతం ఉండదు" అన్నాడు. అంటే నాకు ఉందనేగా?

నేను రెండు కుప్పలు వేయించాను. ఆవిడ వచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, పెద్దగా కనబడే కుప్పను డ్రమ్ముకు కోరుకుంది. రెండోది మన పాతదానికి వచ్చింది. మన మిషను ఝుమ్మని లేచి, కుప్పంతా కొట్టేసి, ఇంకా ఉందా అన్నట్టు చూసింది. ముక్కలు గోరు జల్లెడలో పోస్తే ఒక్క పుల్ల మిగల్లేదు. డ్రమ్ముకు గోరు సైజు జల్లెడ బిగించి కుప్ప పెట్టారు. రెండు మోపులు మింగిందో లేదో మూలగడం మొదలుపెట్టింది. బెల్టు కమురు వాసన వచ్చింది. మేస్త్రి ఆపేసి మూత తీస్తే, జల్లెడ నిండా తడి నార జడలల్లుకుని ఉంది.

"ఇంత నార ఎక్కడిదమ్మగారూ?" అన్నాడు మేస్త్రి.

"వచ్చిన సరుకు అదే" అన్నాను.

ఏజెంటు ముఖం చూడాల్సింది. మీ నాన్న వెళ్లి చేతులు కడుక్కున్నాడు. పాతదానికే కొత్త కత్తులు వేయిద్దామని తేలింది. ఆ సాయంత్రం టీలో నాకు నేనే రెండు చెంచాల పంచదార వేసుకున్నాను. నువ్వు అడిగిన మూడో ప్రశ్నకు ఇదీ జవాబు.

ఉత్తరం ఇక్కడితో ముగించి సంతకం చేద్దామని కూర్చున్నాను. కలం కదలలేదు. పై పేరాలో ఒక తప్పు లెక్క ఉంది. నేను రాసిన కాగితం మీద తప్పు లెక్క ఉంచడం నా చేత కాదు, అందులోనూ నీకు పంపే కాగితం మీద.

కుప్పలు సమానం కావు. ఒకదానిలో మిల్లు నుంచి వచ్చిన ఎండు పలకలు, తిన్నటివి, ఏరి ఏరి వేయించాను. రెండోదానిలో ముందురోజే కాలువగట్టు నుంచి కొట్టుకొచ్చిన పచ్చి కొమ్మలు, బెరడు చీలిస్తే తాడులా సాగే రకం. బండి తోసినవాళ్లకు ఏ కుప్ప దేనికో తెలియదు. వాళ్లు వెళ్లాక, ఆ పచ్చి కొమ్మల మీద నాలుగు మంచి పలకలు నా చేతులతో నేనే పరిచాను, కుప్ప పెద్దగా, పొడిగా కనబడేలా. ఆవిడ పెద్దదే కోరుకుంటుందని తెలుసు. మీ తాతయ్య పెట్టిన పద్ధతి ఇన్నేళ్లు కాపాడినదాన్ని, దానికి కన్నం వేశాను. ఎందుకంటే చెప్పడానికి సిగ్గుగా ఉంది. పాత మిషను మీద ప్రేమ పావువంతు. మిగతాదంతా "అత్తయ్యా, మీకేమనిపిస్తోంది" అన్న మాటే.

ఇది కూడా రాయకుండా ఊరుకునేదాన్నేమో. ఇవాళ పొద్దున ఆఫీసు గదిలోకి వెళ్తే మీ అమ్మమ్మ టమాటా మొక్కలకు పుల్లలు పాతి, వాటికి గోధుమరంగు నారతో ముడులు వేస్తోంది. నా కుర్చీలోనే కూర్చుని.

"ఆ నార ఎక్కడిది వదినగారూ?" అన్నాను.

"డ్రమ్ము గొంతులో అడ్డంపడ్డదే. పారేస్తుంటే తెచ్చుకున్నా. భలే గట్టిగా ఉంది వదినా, తెగి చావదు." ముడి బిగించి, తల ఎత్తకుండానే అంది, "పలకల కింద బాగానే దాచారు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేతులు నాకు తెలియకుండానే వెనక్కి పోయాయి.

"మీరెలా చూశారు?"

"ఈ కుర్చీలోంచి అన్నీ కనబడతాయి కదా."

కనబడతాయి. నాకు తెలియదా ఆ సంగతి! అందుకేగా ఆ కుర్చీ నాది.

"మరి తెలిసి తెలిసి ఆ కుప్పే ఎందుకు కోరారు?"

"అంత కష్టపడి పరిచారు, పాపం" అని నవ్వింది. తరవాత నవ్వు ఆపి, "ఆ పాత మిషనంటే మీకు ప్రాణం. పోనీలే, ఒకసారి గెలవనిద్దాం అనుకున్నా" అంది.

గెలవనిద్దామట! నన్ను! ఆవిడ తిట్టి ఉంటే భరించేదాన్ని. మీ నాన్నకు చెప్పి నలుగురిలో నిలబెట్టి ఉంటే ఇంకా బాగుండేది, ఆవిడను ద్వేషించడానికి నాకొక కారణం దొరికేది. మిగిలిపోయిన బన్ను పిల్లాడి చేతిలో పెట్టినట్టు గెలుపు తీసి నా చేతిలో పెట్టింది.

"లాండ్రీ వాళ్లు ఊరుకుంటారా మరి? నెలాఖరు వస్తోంది" అన్నాను.

"అది మీరు చూసుకుంటారని నాకు తెలుసు వదినా. లెక్క తప్పితే మీకు ముద్ద దిగదు. నాలుగు రోజుల్లో మీరే చెప్పేస్తారనుకున్నా. ఇవాళ నాలుగోరోజు" అని ఇంకో ముడి వేసింది.

డ్రమ్ము మిషనును పట్టుకుపోయే లారీ వచ్చేది ఎల్లుండి. నేను ఇక్కడ కలం ఆపి, మీ నాన్న దగ్గరికి వెళ్తున్నాను. మంచితనంతో వెళ్తున్నానని అనుకోకు. ఆవిడ దానం చేసిన గెలుపుతో ఒక్క పూట కూడా ఉండలేక వెళ్తున్నాను.

*

నాలుగైదు రోజుల తరవాత మళ్లీ రాస్తున్నాను. సిరా రంగు మారింది, గమనించావా? ఆ కలం మీ నాన్నకు ఇచ్చాను, ఇంకా తిరిగి ఇవ్వలేదు.

మీ నాన్న రొట్టె తింటున్నాడు. మేస్త్రీ, పనివాళ్లూ చుట్టూ ఉన్నారు. చాటుకు పిలుద్దామనుకున్నాను. చేసింది బయట, చెప్పేది చాటునా అనిపించి అక్కడే నిలబడి చెప్పేశాను. మీ నాన్న నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

"అమ్మా, నువ్వా?"

"నేనే."

"నువ్వేనా?"

"ఎన్నిసార్లు అడుగుతావు? నేనే."

మేస్త్రి తల గోక్కుంటూ, "నాకు ఆ నార చూడగానే తెలిసిందమ్మగారూ. మీతో అనే ధైర్యం లేక పన్ను నొప్పని ఇంటికెళ్లిపోయా" అన్నాడు. ఆ సెలవు రాయలేదులే.

మీ నాన్న కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. వేలితో గడ్డం రుద్దుకుంటూ, "సరే, మళ్లీ పెడదాం పరీక్ష" అన్నాడు. నేను వెంటనే, "ఈసారి పంచేది వదినగారు. ఎంచుకునేది నేను" అన్నాను.

మీ అమ్మమ్మ ఏం చేసిందో చూడు. బండ్లు తోయించి రెండు కుప్పలు వేయించింది. ఒకటి అచ్చంగా ఎండు పలకలు. రెండోది అచ్చంగా పచ్చి నార కొమ్మలు. పైన పలకలూ పరచలేదు, ఏమీ దాచలేదు. పక్కకు జరిగి చేతులు కట్టుకుని నన్ను చూసింది. నన్ను మళ్లీ గెలిపించాలనుకుందో, నేనేం చేస్తానో చూద్దామనుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. అడగను కూడా.

నేను నేరుగా వెళ్లి పచ్చి కుప్ప మీద చేయి వేసి, "ఇది మా పాతదానికి" అన్నాను.

"అయ్యో వదినా, అది కాదు, అటువైపుది తీసుకోండి!"

"ఎంచుకునేది నేను వదినగారూ."

"పట్టుదలకు పోకండి, పాపం దానికి వయసైపోయింది."

"వయసు మాట ఎత్తకండి. మీకంటే మూడేళ్లే పెద్దది."

పనివాళ్లు మిషను గురించి నవ్వారో మమ్మల్ని చూసి నవ్వారో గాని, ఒకడు పారకు ఆనుకుని మరీ నవ్వాడు. మీ నాన్న రెండు చేతులూ ఎత్తి, "మీ ఇద్దరికీ దండం పెడతాను. ఆ గదిలోకి వెళ్లి కూర్చోండి. నేను పిలిచేదాకా బయటికి రావద్దు" అన్నాడు. ఈ వయసులో నన్ను నేనే గదిలో పెట్టించుకున్నాను, అమ్మడూ, నా కొడుకు చేత, వియ్యపురాలితో సహా.

గదిలో ఒక చేతుల కుర్చీ, ఒక స్టూలు. ఆవిడ స్టూలు వైపు నడిచింది. నేనూ స్టూలు వైపే నడిచాను. చివరికి ఇద్దరిలో ఎవరమూ కూర్చోలేదు. కిటికీ దగ్గర టమాటా కుండీల పక్కన నిలబడి చూశాం.

మేస్త్రి రెండు కుప్పలనూ కలిపి, తిరగేసి, మళ్లీ సగం చేశాడు. నిజానికి రోజూ మన గేట్లోకి వచ్చే సరుకు అలాగే ఉంటుంది, కలగాపులగంగా. పాతది మొదలుపెట్టింది. పలక వచ్చినప్పుడు పాట పాడింది, కొమ్మ వచ్చినప్పుడు తడబడింది. ముక్కల మధ్య పుల్లలు ఇక్కడి నుంచే కనిపించాయి. డ్రమ్ముకు ఈసారి అరచేయి జల్లెడ ముందు పెట్టారు, తరవాత అగ్గిపెట్టె, చివర గోరు. జల్లెడ మార్చడానికి ఇద్దరు మనుషులు పట్టారు గాని, పూట పట్టలేదు, టీ తాగేంత సేపే. గోరు జల్లెడ దగ్గర కాస్త నెమ్మదించింది. మేస్త్రి తడి నార కొమ్మలను పక్కకు ఏరి, వాటిని నాలుగు రోజులు ఆరనిచ్చి పెట్టాలన్నాడు. మిగతాదంతా వచ్చింది. గోడ మీది మూడు జల్లెడలూ దించి పోశారు. ఏ ముక్క ఏ జల్లెడలో పడాలో అందులోనే పడింది.

"బాగా కొడుతోంది కదా వదినా" అంది ఆవిడ, మెల్లగా.

"కొడుతోంది" అన్నాను. ఆ ఒక్క మాట గొంతు దాటడానికి డ్రమ్ములో వేసినట్టు ఎన్నిసార్లు తిరిగిందో.

మర్నాడు లాండ్రీ ఆవిడ వచ్చింది. అగ్గిపెట్టె కుప్పలోకి మోచేతి దాకా చేయి దూర్చి, లోపలి నుంచి గుప్పెడు తీసి, అరచేతిలో పరిచి చూసి, "పుల్ల లేదు" అంది. అంతే, వెళ్లిపోయింది. లాండ్రీ మనకే ఉంది. ఎవరూ ఇంటికి పోనక్కర్లేదు. లారీ వచ్చి ఖాళీగా వెళ్లింది. డ్రమ్ము మిషను, మూడు జల్లెడలు, ఇంకో జత కత్తులు తీసుకున్నాం. రంగు గురించి ఏజెంటును నేను మాట్లాడనివ్వలేదు.

పాతదాన్ని ఇనప సామాను వాడికి ఇచ్చేస్తారని గుండె బిగబట్టుకుని ఉన్నాను. మేస్త్రి అడ్డుపడ్డాడు. తిన్నటి పలక దానిలా కోసే మిషను ఇంకా పుట్టలేదన్నాడు. పుట్టగొడుగుల షెడ్డుకు పొట్టు లేని శుభ్రమైన గోరు ముక్క అదే ఇవ్వగలదన్నాడు. పలకలు వచ్చిన రోజున దాన్ని తిప్పుతారు.

ఇంకొక సంగతి. పనివాళ్లు కొత్త మిషనుకు "అమ్మమ్మ" అని పేరు పెట్టారు. ఏది పెట్టినా గలగలమంటూ నమిలేస్తుందట. దానికి వాన పడకుండా నీలం టార్పాలిన్ కూడా కొన్నారు. పాతదానికి టార్పాలిన్ ఎప్పుడైనా కొన్నారా? దానికి ఏం పేరు పెట్టారో నేను అడగలేదు. నిన్న గేటు దగ్గర ఒకడు ఇంకొకడితో అంటుంటే వినబడింది. "నాయనమ్మకు వంకర కట్టె పెట్టకురా, ఊరుకోదు." కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. అబద్ధమేమీ చెప్పలేదు కదా వాడు.

ఇక నాలుగో ప్రశ్న. సర్దుకుపోతున్నానా అని అడిగావు. లేదు. ఆవిడ నవ్వు వినబడితే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. మేస్త్రి పన్ను ఎలా ఉందని ఆవిడ అడగకముందే అడగాలని ఇవాళ పొద్దున్నే గేటు దగ్గర కాపు కాశాను. ఆవిడ నాకంటే ముందే వచ్చి అడిగేసింది. నిన్న ఆవిడ కప్పు బాగుచేసుకున్న ఇంటికి పోయి నాలుగు రోజులు ఉండి వస్తానంది. "మొక్కలకు నీళ్లు ఎవరు పోస్తారు? వద్దు" అన్నాను. ఈసారి మర్యాదకు అనలేదు. ఇది ఆవిడకు రాయకు.

నీకు ఒక్క మాట చెప్పి ముగిస్తాను. నాలుగు పేజీలు ఒకరికి, పేజీ పావు ఒకరికి, ఇదేం పంపకమే? నువ్వూ ఈ అడితి పిల్లవే, పద్ధతి నీకు తెలియదా? ఇకనుంచి రెండు ఉత్తరాలు రాయకు. ఇద్దరికీ కలిపి ఒక్కటే రాయి, ఎన్ని పేజీలైనా సరే, నీ ముక్కు సంగతి, టోపీ సంగతి అన్నీ అందులోనే పెట్టి. వచ్చాక ఇక్కడ పంచుకుంటాం. పంచేది మీ అమ్మమ్మ, ఎంచుకునేది నేను.

ఆవిడ ఏం చేస్తుందో నాకు తెలుసు. బాగున్న పేజీలన్నీ ఒకవైపు పెట్టి, మిగతావి ఒకవైపు పెట్టి, చేతులు కట్టుకుని నన్ను చూస్తుంది. చూడనీ. ఈసారి నేను మంచి కుప్పే తీసుకుంటాను.

ఇట్లు,
నీ నాలుగు పేజీల కోసం గేటు దగ్గర, మీ అమ్మమ్మ కంటే ముందే నిలబడబోతున్న
నాయనమ్మ